పొయ్యి పక్క గ్రహం

తళి,
12 ఆగస్టు 1997

చిరంజీవి నందితకు మామ పాపన్న రాస్తున్నది.

ఇక్కడ మనుషులం బాగున్నాం. ఆంజప్ప ఆవు ఒక్కటే కాస్త వంకరగా ఉంది. మొన్న ఏప్రిల్‌లో పడమట తోకచుక్క కనబడిన రోజుల్లో, దాన్ని చూసిన ఆవు నీలంపాలు ఇస్తుందని రేడియోలో చెప్పారని ఆంజప్ప చెవిలో వేశాను. ఆ మహానుభావుడు పది రోజులపాటు పొద్దుగూకగానే ఆవు కళ్ళకు గోనెపట్టా కట్టాడు. అది గోడకు గుద్దుకొని కొమ్ము వంచుకుంది. అసలు సంగతి ఎవరు చెప్పారో, నిన్న కొడవలితో నా పూల షెడ్డుకు వచ్చాడు.

"నీ నోట్లో పురుగులు పడ! నా ఆవు కొమ్ము చూసినావా పాపన్నా?"

"చూసినానప్పా. ఇప్పుడే అందంగా ఉంది" అన్నాను.

సరే, అసలు పని. బెంగళూరు బస్సుకు పూలమూటలు ఎక్కించేదాకా మా షెడ్డులో పదిమంది కూర్చుంటారు. నీ ఉత్తరాలు అక్కకు నేను చదివి వినిపించేది వాళ్ళ ముందే కదా. పిల్లమ్మక్కకు చదువు రాదు, నేనే ఆమె కళ్ళు. ఎనిమిదో తరగతి తప్పిన కళ్ళే అనుకో. పోయిన ఉత్తరంలో నువ్వు "నక్షత్రాల చుట్టూ ఉండే పళ్ళేల రసాయనం చదువుతున్నాను" అని రాశావు. అందరూ నా మొహం చూశారు. నేను తలాడించాను. తలాడించడానికి చదువు అక్కర్లేదు. అక్క మాత్రం వదల్లేదు. "ఏం పళ్ళెంరా అది? మన భూమి ఆ పళ్ళెంలో యాడ పుట్టిందంట? అడిగి రాయి" అంది.

నీకు మూడేళ్ళప్పుడు మీ అమ్మ మునెమ్మ పోతే నిన్ను చంకనెత్తుకొని తెచ్చుకున్న పెద్దమ్మ. తన కడుపున పుట్టినవాళ్ళు లేరు, ఉన్నది నువ్వొక్కదానివే. ఆమె అడిగితే రాయకుండా ఉంటావా? నాకు అర్థమయ్యేలా రాయి. నాకు అర్థమైతే ఆంజప్ప ఆవుకూ అర్థమవుతుంది.

మామ,
పాపన్న


పుణె,
3 సెప్టెంబరు 1997

మామా,

ఆవు సంగతి చదివి నవ్వాను. తర్వాత ఆవు మీద జాలిపడ్డాను. నీ ఆటలన్నీ ఇంతే, నవ్వు ముందొస్తుంది, జాలి వెనకాల కుంటుకుంటూ వస్తుంది.

పళ్ళెం గురించి విను. నక్షత్రం కొత్తగా పుట్టినప్పుడు దాని చుట్టూ వాయువు, దుమ్ము పళ్ళెంలా పరుచుకొని తిరుగుతుంటాయి. ఆ దుమ్మే ముద్దలు కట్టి గ్రహాలవుతుంది. నక్షత్రాన్ని పొయ్యి అనుకో. దగ్గరున్న దుమ్ము కాగుతుంది, దూరాన ఉన్నది చలికి వణుకుతుంది. నడుమ ఎక్కడో కంటికి కనబడని గీత ఒకటి ఉంటుంది. గీతకు లోపల నీళ్ళు ఆవిరిగానే తిరుగుతాయి, దుమ్మును అంటుకోవు. గీత దాటితే మంచు అయి రేణువుల మీద పేరుకుంటాయి. మన తళిలో తెల్లారి క్యాబేజీ ఆకు మీద మంచు నిలుస్తుంది, కొండ దిగి కృష్ణగిరి మామిడితోటకు పోతే ఆకు పొడిగా ఉంటుంది. గాలి అదే, నీళ్ళు అవే. ఎక్కడున్నావన్నదే లెక్క.

ఇంకా దూరం పోతే, మూసిన గదిలో కుంపటి పెడితే మనుషుల్ని చంపే ఆ విషవాయువు కూడా రేణువుల మీద గడ్డకడుతుంది. గడ్డకట్టి, హైడ్రోజన్‌తో కలిసి సారాయికి దాయాది లాంటిది ఒకటి తయారవుతుంది. తాగితే కళ్ళు పోతాయి, ఆంజప్పకు చెప్పకు. సయనైడు జాతి విషాలూ ఉన్నాయి. ఆ విషాలే తర్వాత ప్రాణానికి ముడిసరుకు అయి ఉంటాయని మా వాళ్ళ అనుమానం. ప్రతి పదార్థమూ తన స్వరంలో తాను రేడియో తరంగాలు పంపుతుంది. పెద్ద దూరదర్శినులు పట్టిన కొలతల్లోంచి ఎంత దూరంలో ఏముందో తేల్చడమే నా పని. ఏ గ్రహం ఎక్కడ ముద్దకట్టిందన్న దాన్నిబట్టే దాని వంటింట్లో సరుకులు. గీతకు లోపల, పొయ్యి పక్క పుట్టిన గ్రహం ఎండురాయి. పుట్టుకతో దానికి నీళ్ళుండవు.

ఇది నీకూ నీ షెడ్డుకూ. పెద్దమ్మ అడిగినదానికి జవాబు రెండో కాగితంలో ఉంది. అది షెడ్డులో వద్దు. ఇంటికి పోయి, ఆమెకొక్కదానికే చదువు.

నందిత


తళి,
30 నవంబరు 1997

చిరంజీవి నందితకు,

ఆలస్యమైంది. రోజాలకు తెగులు, నాకు తీరికలేదు. నీ మొదటి కాగితాన్ని షెడ్డులో మూడుసార్లు చదివించుకున్నారు. ఆ సారాయి దాయాది ఏ ఊళ్ళో దొరుకుతుందని ఆంజప్ప అడగనే అడిగాడు.

ఉద్దనపల్లిలో తిమ్మరాజు కూతురి పెళ్ళి అయింది. భోజనాలు బాగున్నాయి. నేనేదో ఒక మాటంటే జనమంతా నవ్వారు. ఏం మాటో ఇప్పుడు గుర్తులేదు. అక్క ముహూర్తం కాకముందే బస్సెక్కి వచ్చేసింది. మోకాలినొప్పి. నీకు ఉత్తరం చెప్పి రాయించుకోవడానికి కూడా ఈమధ్య రావడంలేదు. చలికాలం కదా.

రెండో కాగితమా? ఆ రోజు వాన పడింది. పూలమూటల తడికి కాగితం ముద్దయిపోయింది, సిరా అంతా కారిపోయింది. దానికోసం బెంగ పెట్టుకోకు. మళ్ళీ రాయనక్కర్లేదు.

మా అమ్మాయి రంజితకు పెళ్ళి కుదిరింది. ఏప్రిల్ చివర. నువ్వు పదిరోజుల ముందే రావాలి.

ఈ ఉత్తరంలో నవ్వు తక్కువైందనుకోకు. పెన్ను బాగాలేదు.

మామ,
పాపన్న


పుణె,
21 డిసెంబరు 1997

మామా,

నిన్న రాజప్ప ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి పెద్దమ్మను పిలిపించాను. "పెద్దమ్మా" అన్నాను. ఆమె అడిగింది:

"ఏమ్మా, నేను నీళ్ళు నిలవని గ్రహమా? నువ్వే రాసినావంట?"

"నేనట్ల రాయలేదు పెద్దమ్మా. ఎవరు చెప్పినారు?"

"పదిమందిలో చెప్పినాడు, కాగితంలో ఉందని. ఇప్పుడు నువ్వు మర్యాదకు అంటాండావు. చదువుకున్నదానివి, చూసే రాసింటావులే. బాగా తిను తల్లీ. ఫోను రాజప్పకు ఇస్తాండాను."

మిగతాది రాజప్ప చెప్పాడు. తిమ్మరాజు ఇంటి ఐరేని కుండలట. కుమ్మరి ఇంట్లో పూజ చేసి, బావి దగ్గర నీళ్ళు నింపి, ముత్తైదువలు వరసగా నెత్తిన పెట్టుకొని పెళ్ళింటికి తెచ్చే కుండలు. వాళ్ళందరిలో పెద్దదని మొదటి కుండ పెద్దమ్మ చేతికిచ్చారు. జీవితంలో మొదటిసారి. పిల్లల్లేనిదని ఎవరో మూతి తిప్పారు. అప్పుడు నువ్వు అరుగెక్కి అన్నావట: "అక్కా, దించుదించు. పొయ్యి పక్క పుట్టిన గ్రహం మీద నీళ్ళు నిలవవంట. నేను చెప్పేది కాదప్పా, మన నందిత పుణె నుంచి రాసింది!"

గుర్తులేదన్న మాట ఇదేనా?

సిగ్గుగా ఉంది మామా. నీ గురించే కాదు. నాలుగువందల యాభై కాంతి సంవత్సరాల అవతలి రాతను చదవడం నేర్చుకున్నాను, ఇంట్లో మనిషికి అఆలు నేర్పలేదు. ఆమెకు చెప్పాల్సిన ప్రతి మాటనూ ఇన్నేళ్ళు నీ నోటికిచ్చి పంపాను.

నందిత


తళి,
10 జనవరి 1998

చిరంజీవి నందితకు,

రాజప్ప బూత్ పెట్టింది ఊరివాళ్ళు మాట్లాడుకోవడానికి. వాడే మాట్లాడ్డానికి కాదు.

అయింది. నోరు జారింది. నోరున్నాక జారకుండా ఉంటుందా? మూతి తిప్పినవాళ్ళ దృష్టి మళ్ళిద్దామని ఒక నవ్వు వేశాను, అది తగలకూడని చోట తగిలింది. ఇంతకంటే ఏముంది?

ఇప్పుడు కష్టం నా ఇంటికి వచ్చింది. రంజితకు మేనత్త అక్కే. మొదటి కుండ ఆమెదే. మా ఆవిడను పసుపుకుంకుమలిచ్చి పిలవమని పంపాను. అక్క కూర్చోబెట్టింది, కాఫీ ఇచ్చింది, కుంకుమ పెట్టుకుంది. చివరికి "నేనెత్తితే నీళ్ళు నిలవవు కదమ్మా, వేరే ఎవరినైనా చూసుకోండి" అందట, మెత్తగా. రంజిత అన్నం ముట్టలేదు. "అత్త ఎత్తకపోతే నాకు కుండలే వద్దు నాయనా, ఆ నీళ్ళతో నాకు స్నానమే వద్దు" అని కూర్చుంది.

నువ్వు ఇంకో కాగితం రాసి పంపు. నేను చదివి వినిపిస్తా. కాస్త గట్టిగా రాయి, ఆమె కరిగేలా.

మామ


పుణె,
24 జనవరి 1998

మామా,

రాయను. ఇప్పుడు రాస్తే సంగతి బయటపడ్డాక సర్దిచెప్పినట్టే ఉంటుంది. ఆమెకు కావలసింది సెప్టెంబరులో, ఎవరూ ఏమీ అనకముందు నేను రాసిన కాగితం.

అది తడిసిందన్నావు. ఒకటి అడుగుతాను. రెండు కాగితాలూ ఒకే కవరులో, ఒకే మడతలో వచ్చాయి. మొదటిదాన్ని మూడుసార్లు చదివావు. దాన్ని అంటని తడి దాని పక్కనున్నదాన్ని ఎలా అంటింది? నేను తడి ఎక్కడుందో, ఎక్కడ లేదో లెక్కగట్టి బతికే మనిషిని. నాకు అబద్ధం చెప్పేటప్పుడు వేరే సాకు చూసుకోవాల్సింది.

నిజం రాసేదాకా నాకు రాయకు.

నందిత


తళి,
15 ఫిబ్రవరి 1998

నందితమ్మా,

కాగితం తడవలేదు. నా పెట్టెలో, ఏడో తరగతి సర్టిఫికెట్ మడతలో ఉంది. ఇప్పుడు ముందు పెట్టుకొని రాస్తున్నాను. నమ్మవు కాబట్టి నీ మాటలు నీకే రాస్తున్నాను, చూసుకో.

"పెద్దమ్మా, మన భూమి ఆ గీతకు ఏ పక్క పుట్టిందని అడిగావు. లోపలి పక్కే. పొయ్యి పక్కే. మనదీ ఎండురాయిగానే పుట్టిందని పెద్దవాళ్ళు చాలామంది అంటారు. నీళ్ళు తర్వాత వచ్చాయి. గీత అవతల మంచు పట్టిన రాళ్ళు కొన్ని దారితప్పి వచ్చి దీని ఒళ్ళో పడ్డాయి. అవి తోకచుక్కలా, ఇంకో రకం రాళ్ళా అన్నది ఇంకా తేలలేదు. వచ్చిన నీళ్ళన్నీ నిలవవు పెద్దమ్మా, చాలా గ్రహాల మీద పడి ఎగిరిపోతాయి. ఈ భూమి నిలుపుకుంది. సముద్రాలు దానికి పుట్టినవి కావు, నిలుపుకున్నవి. నేనూ నీకు అలాగే వచ్చాను. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు."

వచ్చిన రోజే చదివాను. రెండుసార్లు. కళ్ళు తుడుచుకున్నాను కూడా. అదే పూట అక్క ఇంటికి పోవాల్సింది. పోలేదు. ఎందుకో ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకోలేదు. నాకు రాసేదంతా ఆవు, సారాయి, ఆంజప్ప. ఆమెకు రాసింది మాత్రం ఇది. మూడేళ్ళ పిల్లను భుజం మీద ఎక్కించుకొని రాయకోట సంతలన్నీ తిప్పింది నేను. నాకు ఒక్క వరుస రాయలేదే అని కడుపుమంట. రేపు చదువుదాం, ఎల్లుండి చదువుదాం అని పెట్టెలో పెట్టాను. యాభైరెండేళ్ళ మగవాడు రాయాల్సిన మాటలు కావివి. రాస్తున్నాను.

ఇంకా ఉంది. నోరు జారిందన్నాను కదా. జారలేదు. ఆ రోజు వాళ్ళు మూతి తిప్పగానే జనమంతా నా వైపు చూశారు, పాపన్న ఏదో అంటాడని. అట్లా చూస్తే నాకు ఒళ్ళు తెలియదు. ఆ మాట నాలుక మీదికి వచ్చినప్పుడు నాకు నీ రెండో కాగితం గుర్తుంది. అక్షరం అక్షరం గుర్తుంది. అది గుర్తుండే అన్నాను. నా పేరుతో అంటే జనం తిడతారని నీ పేరు పెట్టాను.

అందరితోపాటు అక్క కూడా నవ్వింది. అదే నన్ను తినేస్తోంది. నవ్వి, కుండ దించి, పొడి చేతుల్ని కొంగుతో తుడుచుకుంది.

నిన్న కాగితం పట్టుకొని పోయాను. చిక్కుడుకాయలు గిల్లుతోంది. తలెత్తలేదు.

"అక్కా, నందిత నీకొక కాగితం రాసింది. అప్పుడెప్పుడో. నేను దాచిపెట్టినాను. చదువుతాను."

"ఉద్దనపల్లి పెళ్ళిలో ఎంతమంది ఉండినారురా?"

"ఉండినారు... నూరు, నూటయాభై."

"ఈడ ఎంతమందిమి ఉండాము?"

"మనిద్దరమే."

"అయితే మడిచి పెట్టుకో" అంది. అని చిక్కుడుకాయలు నా ముందుకు తోసింది. గిల్లి ఇచ్చి వచ్చాను.

పాపన్న


పుణె,
2 మార్చి 1998

మామా,

పెళ్ళికి నేను రాను. కోపం కాదు. నేను పక్కనుంటే పెద్దమ్మ నా మొహం చూసి కరుగుతుంది. అప్పుడు నీ మాట ఆమెదాకా పోదు.

ఆమెకొక్కదానికే చదవమని రాశాను. ఆమె వద్దంది కాబట్టి ఆమె అడిగినచోటే, ఆ జనం ముందే చదువు. ఒక్క మాట చేర్చకు. ఒక్క మాట వదలకు.

సంతల సంగతి నాకు గుర్తుంది. నీ చెవులు పట్టుకొని కూర్చునేదాన్ని. అది రాయకపోవడం నా తప్పే.

నందిత


తళి,
4 మే 1998

నందితమ్మకు పెద్దమ్మ పిల్లమ్మ చెప్పేది, పాపన్న రాసేది. నేను ఏమంటే అది రాయాల, నా పక్కనే కూర్చొని ఉండాడు.

పెళ్ళి బాగా జరిగింది. కుమ్మరి ఇంటి ముందర కుండలు పెట్టినారు. నేను పోయినాను. పోకుండా ఉందామనే అనుకుంటిని. రంజిత ముందురోజు వచ్చి నా వాకిట్లో కూర్చొనింది, "నువ్వు లేస్తేనే నేను లేస్తా అత్తా" అని. పెళ్ళికూతురు దుమ్ములో కూర్చుంటే ఏం చేసేది?

ఉద్దనపల్లివాళ్ళూ అందరూ వచ్చినారు. వీడు అరుగెక్కినాడు. ఎక్కగానే తిమ్మరాజు "ఏం పాపన్నా, ఈసారి ఏం వదుల్తావు?" అన్నాడు. వీడు నోరు తెరవకముందే జనం నవ్వినారు. అంత నవ్వులో వీడు చేతిలో కాగితం పట్టుకొని నిలబడినాడు. నవ్వు అయిపోయేదాకా నిలబడినాడు. చానాసేపు పట్టిందమ్మా. వాని చెవులు ఎర్రగా అయిపోయినాయి. రాయరా, చెవుల సంగతి కూడా రాయి.

అప్పుడు అన్నాడు, "ఆ దినం మా అక్కను అన్న మాట నందిత రాసింది కాదు. నేను కట్టినాను. ఆ బిడ్డ మా అక్కకు రాసింది ఇది. నేను దాచిపెట్టినాను" అని. అని చదివినాడు. చదివేటప్పుడు ఎవరూ నవ్వలేదు. సముద్రాలు పుట్టినవి కావు, నిలుపుకున్నవి అనే చోట నాకు చూపు ఆనలేదు. నువ్వు అట్ల రాసినావని ఎనిమిది నెలలు నాకు తెలియకపాయె. ఆ ఎనిమిది నెలలు వీడు నాకు ఇవ్వలేడు. అది కూడా రాయి.

చదవడమయినాక ఆంజప్ప వెనకనుంచి అరిచినాడు, "అట్లే మా ఆవుకు కూడా ఒక కాగితం చదువప్పా!" అని. అప్పుడు నవ్వినారు. ఈసారి వీని మీద.

బావికాడ నీళ్ళు నింపినాక మొదటి కుండ నేను ఎత్తుకున్నాను. రెండోది తీసి వీని నెత్తిన పెట్టినాను. ఆడోళ్ళ వరసలో, కొత్త చొక్కాతో, నా వెనకాల నడిపించినాను. ఏ పెళ్ళిలోనూ మగవాడు ఆ కుండ మోసింది లేదు. అయ్యవారు వద్దన్నాడు. "మీరు ఊరికే ఉండండి సామీ, ఇది మా ఇంటి సంగతి" అన్నాను. మేళం ముందర పోతా ఉండె. దారంతా పిల్లోళ్ళు ఈల వేసినారు. ఇల్లు చేరేటప్పటికి వాని కుండలో సగం నీళ్ళు వాని మీదనే ఉండినాయి. నా కుండ చూసినారు అందరూ. చుక్క తొణకలేదు.

నేను వాణ్ణి ఏమీ అనలేదు, మన్నించినాననీ అనలేదు. పూలు కట్టేదానికి పోతాండాను, ఎప్పటిమాదిరే. రేపు రంజిత అత్తగారింటికి పోతుంది. పోయేలోపల పలక ఒకటి తెచ్చి అ, ఆ, ఇ, ఈ రాసిచ్చింది. దిద్దుతాండాను. నీ పేరులో సున్న ఒకటే ఇప్పటికి వచ్చింది, న పక్కన పెట్టేది. ఇంకమీదట నాకు రాసేది పెద్ద పెద్ద అక్షరాలతో రాయి.

ఈ కాగితం వీడు రాసినాక రంజితతో చదివించుకున్నాను. నేను "గాడిద" అన్నచోట వీడు తన్ను తానే ఇంకా పెద్ద తిట్టు రాసుకున్నాడంట. కొట్టేయించినాను. గాడిద కూడా తీసేయమన్నాను, అది నేనే వెనక్కి తీసుకున్నాను. నేను అనని మాట నా పేరు మీద ఉండకూడదు. నా మీద అన్నదైనా, వాని మీద అన్నదైనా.

పిల్లమ్మ
వేలిముద్ర